జుమేరాత్ నాటి క్యాసెట్

రజియా టీచర్ నోట మాట రాకుండా నిలబడటం తాండూరులో ఎవరూ చూసి ఎరగరు. ఇన్‌స్పెక్టరు వచ్చినా, పిల్లల తండ్రులు గుంపుగా వచ్చి గొడవకు దిగినా ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. అది వినేవాడికి నచ్చిందా లేదా అన్నది ఆమె పట్టించుకునే సంగతి కాదు. లెక్కల టీచరు కదా, లెక్క తప్పితే ముఖం మీదే చెప్పేది, తప్పింది హెడ్మాస్టరైనా సరే. అలాంటి మనిషి ఎనభై అయిదులో, బడికి కంప్యూటరు వచ్చిన ఏడాది, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ బిత్తరపోయింది.

ఆమె పుట్టి పెరిగింది ధారూర్ స్టేషన్ పక్కన రైల్వే క్వార్టర్సులో. తండ్రి పాయింట్స్‌మన్. బండి వస్తుందంటే అన్నం మధ్యలో చెయ్యి కడుక్కుని పట్టాలు మార్చడానికి పరుగెత్తేవాడు. రజియా వికారాబాదుకు రోజూ బండిలో పోయి హైస్కూలు చదివింది, ఆ తర్వాత హైదరాబాదులో కాలేజీలో చేరింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతబడ్డాయి. తోటి ఆడపిల్లలు చదువు పోయిందని కూర్చుంటే, ఆమె ధారూరుకు తిరిగొచ్చి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని మరుసటి ఏడాది లెక్కలు కూడా పూర్తి చేసుకుంది. పెళ్ళి మాట ఎత్తిన మేనత్తకు ఏం చెప్పిందో గాని, ఆ మేనత్త మళ్ళీ ధారూర్ స్టేషన్లో దిగలేదు.

అట్లా తాండూరు బళ్ళో లెక్కల టీచరుగా పాతుకుపోయాక, ఒకనాడు సర్కారు వ్యాను వచ్చి నాలుగు అట్టపెట్టెలు దించింది. ఒకదాంట్లో కంప్యూటరు, ఒకదాంట్లో టీవీ, ఒకదాంట్లో టేపురికార్డరు, నాలుగో దాంట్లో ఎవరికీ అర్థం కాని వైర్లు. ఎవరో ఒక టీచరు హైదరాబాదు పోయి శిక్షణ తీసుకుని రావాలని హెడ్మాస్టరు చంద్రశేఖర్ సారు చెప్పేసరికి, సైన్సు సారుకు ఉన్నట్టుండి నడుం పట్టేసింది. ఇంగ్లీషు సారు భార్యకు నెలలు నిండాయి. ఆమెకు నెలలు నిండిన సంగతి ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు, ఆ తర్వాత కూడా పిల్లో పిల్లాడో పుట్టినట్టు ఎవరూ వినలేదు. రజియా టీచర్ చీర మడతలు సర్దుకుని, తానే పోతానంది.

మొదటిసారి బిత్తరపోయింది ఆ శిక్షణలోనే. పొద్దుటి నుంచి కష్టపడి ఎక్కాలు చెప్పే ప్రోగ్రాము ఒకటి టైపు చేసింది. పదిహేడో ఎక్కం దాకా తెర మీద చకచకా పడుతుంటే ఆమె కళ్ళు మెరిశాయి. అంతలో కరెంటు పోయింది, కాసేపటికి వచ్చింది. తెర ఖాళీగా ఉంది. నేర్పే కుర్రాడు ఆమె దగ్గర చదివిన పిల్లల వయసువాడే.

"పొద్దుగాల నుంచి జేసింది ఏమైంది?"

"పోయింది మేడమ్."

"ఎక్కడికి పోయింది?"

కుర్రాడు నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. తాను ఒకసారి నేర్చుకున్నది, ఒకసారి రాసుకున్నది అట్లా జాడ లేకుండా మాయం కావడం ఆమె బతుకులో జరగలేదు. ఎక్కడికీ పోకుండా పోవడం ఏమిటని ఆ రాత్రి హాస్టల్లో చాలాసేపు ఆలోచించింది.

తిరిగొచ్చి పదో తరగతికి పాఠం మొదలుపెట్టినప్పుడు ఆమె ముందున్న చిక్కు ఒక్కటే. ఒకటే కంప్యూటరు, బెంచీల నిండా పిల్లలు, పైగా సగం రోజులు కరెంటు ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్ అన్న మాట నల్లబల్ల మీద రాస్తే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడామెకు పుట్టిల్లు ఆదుకుంది.

"మన తాండూరు స్టేషనుకు బండలేసుకున్న గూడ్సు వస్తది, ప్యాసింజర్ వస్తది, ఎక్స్‌ప్రెస్ వస్తది," అంది. "ప్లాట్‌ఫారం ఎవలికియ్యాలె, ఎవలిని పక్క లైన్ల నిలవెట్టాలె, డ్రైవర్లు కొట్లాడుకుని తేల్చుకుంటరా?"

"లేదు టీచర్. స్టేషన్ మాస్టర్ చెప్తడు."

"గట్లనే గీ పెట్టెల గూడ ఒక స్టేషన్ మాస్టర్ ఉన్నడు. ఆయన్నే ఆపరేటింగ్ సిస్టమ్ అంటరు. మీరు అక్షరం కొడ్తే అది సీదా తెర మీదికి ఉరకదు. ముందుగాల ఆయన కాడికి పోతది. ఆయన సిగ్నల్ ఇస్తెనే తెర మీదికి పోతది."

ఆ తర్వాత పాఠం చూడాల్సిందే. ఒకడు కీబోర్డు, ఒకడు తెర, ఒకడు టేపు, పచ్చ గుడ్డ ఎర్ర గుడ్డ పట్టుకుని మధ్యలో స్టేషన్ మాస్టరు. చీటీల మీద అక్షరాలు రాసి చేతులు మారుస్తూ, ఈలలు వేస్తూ తరగతంతా తిరునాళ్ళ అయ్యేది. గుమ్మంలో నిలబడి చూసిన చంద్రశేఖర్ సారు, చదువు ఏ గతి పట్టిందో అనుకుంటూ వెనక్కి పోయాడు. అటెండరు ఎల్లప్ప మాత్రం గది బయటే చెప్పులు విడిపించి, దసరాకు టీవీ నెత్తిన కుంకుమ బొట్టు పెట్టి తన వంతు గౌరవం తాను చేశాడు.

కరెంటు పోతే ఏమవుతుందన్నది కూడా ఆమె స్టేషన్‌తోనే చెప్పింది. స్టేషన్ మాస్టరు కొలువు పక్కా, కరెంటు పోయినా ఆయన పోడు. వెయిటింగ్ హాల్లో కూర్చున్నవాళ్ళే, అంటే మనం కొట్టిన అక్షరాలే, చెల్లాచెదురవుతారు. అందుకే కావలసినదాన్ని గోడౌన్‌లో, అంటే క్యాసెట్ మీద, రికార్డు చేసి పెట్టుకోవాలి. ప్రతిదీ రెండు క్యాసెట్ల మీద పెట్టుకొమ్మని కూడా చెప్పేది. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని.

ఆ పిల్లల్లో చురుకైనది షాహెదా. తండ్రి చాంద్‌పాషా తాండూరు బండల గనుల్లో రాయి కొట్టేవాడు. ఏళ్ళ కిందట దమ్మాం పోయాడు, అక్కడ కట్టడాల పని. నిరుడు గోడకు కట్టిన సారువ మీది నుంచి పడి చనిపోయాడు. అక్కడే మట్టి చేశారు. షాహెదా తల్లి హాజిరాబీకి భర్త ముఖం ఆఖరుసారి చూడటం గాని, సమాధి మీద ఒక పువ్వు పెట్టడం గాని దక్కలేదు. ఆమెకు మిగిలింది చావుకు ముందు ఆయన పంపిన ఒక క్యాసెట్. ఆ రోజుల్లో గల్ఫ్ పోయినవాళ్ళు ఉత్తరం రాసేవారు కాదు, మాట్లాడి క్యాసెట్ పంపేవారు. రాయడం, చదవడం రానివాళ్ళకు అదే ఉత్తరం.

క్యాసెట్ ఉంది గాని వినడానికి మిషన్ లేదు. పొరుగింటివాళ్ళ దగ్గర ఒకటుండేది, ప్రతి గురువారం అక్కడే వినేది. వాళ్ళు ఈమధ్యే హైదరాబాదుకు మారిపోయారు. బళ్ళో టేపురికార్డరు వచ్చిందని కూతురు చెప్పగానే హాజిరాబీ బురఖా వేసుకుని వచ్చింది. పూడూరు దిక్కు పల్లెలో పుట్టిన మనిషి, ఉర్దూ కంటే తెలుగే ధారగా వచ్చు.

"ఆపా, జుమేరాత్ నాడు ఆయన పేరు మీద ఫాతెహా ఇచ్చినంక ఒక్కసారి ఆయన మాట ఇంట. మీకు తక్లీఫ్ కాకపోతెనే."

రజియా టీచర్ హెడ్మాస్టరును అడగలేదు. అడిగితే ఆయన పైఅధికారులను అడుగుతాడు. ప్రతి గురువారం బడి విడిచాక కంప్యూటరు గది తలుపు తీసి, క్యాసెట్ పెట్టి, సలాం మాట వినిపించగానే తాను వరండాలోకి పోయి నిలబడేది. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు తాను వినడం బాగుండదని. ఇంట్లో చిన్న పిల్లలు పాడు చేస్తారన్న భయంతో హాజిరాబీ ఆ క్యాసెట్‌ను బడి బీరువాలోనే ఉంచమంది. మొదటి రోజే రజియా టీచర్ ఆ క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్కను పెన్ను మొనతో విరిచేసింది. అది విరిస్తే రికార్డు బటన్ దిగదు. వినడమే తప్ప దాని మీద ఎవరూ ఏమీ ఎక్కించలేరు.

ఆ విరిచిన రెక్కనే ఒకనాడు పాఠం చేసింది. సిస్టమ్‌లో కొన్ని చోట్ల చదువుకోవచ్చు గాని రాయకూడదని చెబుతూ, క్యాసెట్ చూపించింది.

"అంటే ఇంక ఎవ్వలు రాయలేరా టీచర్?" షాహెదానే అడిగింది.

"గా బొక్క మీద కాగితం మడిచి అంటిస్తే మళ్ళ రాయొచ్చు. మిషన్‌కు దిమాకు లేదు గద. పాతది ఉన్నదా, పోతే ఫికరా అని అడగదు. రాయమంటే రాస్తది."

ఆ రోజు గురువారం. హాజిరాబీ తొందరగా వచ్చి, మేలిముసుగు పైకెత్తి, ఆఖరు బెంచీ మీద కూర్చుని ఉంది. పాఠం శ్రద్ధగా విన్నది. పిల్లలు ఈలలు వేస్తుంటే నవ్వింది కూడా.

తర్వాతి గురువారం రజియా టీచర్ తాండూరులో లేదు. వికారాబాదులో వైజ్ఞానిక ప్రదర్శన అంటే షాహెదాతో సహా కొందరు పిల్లలను తీసుకుని పొద్దున బండికే పోయింది. హాజిరాబీ వస్తే గది తెరిచి, క్యాసెట్ తీసి ఇవ్వమని ఎల్లప్పకు తాళాలు ఇచ్చింది. బటన్లు నొక్కడం హాజిరాబీకి ఎప్పుడో వచ్చేసింది. ప్రదర్శనలో అట్టలతో చేసిన స్టేషన్‌కు రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి ఎందుకు రాలేదో రజియా టీచర్ నిర్ణేతలను అక్కడికక్కడే అడిగింది.

"హాజిరమ్మ చాలాసేపు ఉన్నది టీచరమ్మా," అన్నాడు మర్నాడు ఎల్లప్ప తాళాలు ఇస్తూ. "తలుపు దగ్గరేసుకున్నది. నేను లోపటికి తొంగి జూడలే."

ఏడుస్తూ కూర్చుని ఉంటుందిలే అనుకుంది ఆమె.

మళ్ళీ గురువారం వచ్చింది. తల్లీకూతుళ్ళు బల్ల ముందు కూర్చున్నారు. రజియా టీచర్ బీరువా తెరిచి క్యాసెట్ చేతిలోకి తీసుకుంది, వేలికి ఏదో గరుకుగా తగిలింది. వెనక్కి తిప్పి చూసింది. విరిచిన రెక్క చోట నాలుగు మడతల కాగితం ముక్క, అన్నం మెతుకులతో అంటించి ఉంది. మెతుకులు ఎండి గట్టిపడ్డాయి.

తరగతిలో ఏ వెధవ పని అయి ఉంటుందని ఒక్కొక్కడి ముఖమే గుర్తు చేసుకుంది. షాహెదా వంక చూసింది. పిల్ల ముఖం మామూలుగానే ఉంది. ఏమీ అనకుండా క్యాసెట్ పెట్టి బటన్ నొక్కింది. ఈసారి వరండాలోకి పోలేదు.

చాంద్‌పాషా సలాం రాలేదు. ఆడమనిషి గొంతు వచ్చింది.

"అస్సలామలేకుం, షాహెదా అబ్బా. మేం ఈడ అందరం ఖైరియత్. నీవు ఫికర్ జెయ్యకు. ఈసారి వానలు మంచిగ వడ్డయి. కంది చేన్లు మస్తుగున్నయి. షాహెదాకు గణితంల ఫస్టు నంబరు..."

షాహెదా దిగ్గున లేచి నిలబడింది. రజియా టీచర్ మళ్ళీ బిత్తరపోయింది. హాజిరాబీ మాత్రం కొత్త కోడలిలా సిగ్గుపడుతూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నాదే ఆపా. జర ఆగుండ్రి, నాది అయినంక ఆయనది వస్తది."

"హాజిరా, ఏం జేసినవ్?"

"జవాబిచ్చిన. బషీరాబాద్ల నా తమ్ముడు మునీర్ లేడా, ఆనికి దమ్మాం వీసా వచ్చింది. ఆయితారం బండెక్కుతడు. ఖబరస్తాన్‌కు పోయి, బావ కాడ కూసోని ఇనిపిస్త అక్కా అన్నడు. మేం ఎప్పుడు గట్లనే పంపేది గద. ఆయన క్యాసెట్ వస్తే ఇంటుంటిమి, దాంట్లనే మేం మాట్లాడి, పోయేటోని చేతికిస్తుంటిమి."

రజియా టీచర్‌కు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ వాళ్ళు చేసింది అదే. వచ్చిన క్యాసెట్ మీదే జవాబు చెప్పి తిప్పి పంపడం. పంపాక అది చేతిలో ఉండదు, అందుకే తన మాట ఆయన మాటను తుడిచేసిందని ఈ మనిషికి తెలిసే వీలే రాలేదు.

"హాజిరా," అంది. "నీవు మాట్లాడిన జాగల ఇంక ఆయన మాట లేదు. పోయింది."

"యాడికి పోతది ఆపా? ఆయన పంపినప్పుడు ఒక్కోసారి ఆయనది అయినంక నా పాత మాటలు గూడ వస్తుండె. రెండు దాంట్లనే ఉంటయి."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆయన మాటలు ఎక్కడ ఆగితే అక్కణ్నుంచి ఆమె పాత జవాబు తుడుచుకుపోకుండా మిగిలి వినపడి ఉంటుంది. అది విని, ఇద్దరి మాటలూ ఒకే డబ్బాలో పక్కపక్కనే ఉంటాయని అనుకుంది. అట్లా కాదని ఎట్లా చెప్పాలో రజియా టీచర్‌కు తోచలేదు. ఈ సంగతే కదా తరగతిలో ఈలలు వేయించి, పచ్చ గుడ్డ ఊపించి, వారాల తరబడి చెప్పింది. కాగితం అంటిస్తే చాలన్న ఉపాయం కూడా ఆమె నోటి నుంచే ఈమె చెవిన పడింది. అన్నిటికంటే మరో ఆలోచన ఆమెను నిలువునా కోసింది. ప్రతి పిచ్చి ప్రోగ్రామునూ రెండు క్యాసెట్ల మీద పెట్టించిన తాను, ఊళ్ళో ఇంకో టేపురికార్డరు అరువు తెచ్చి ఈ ఒక్క క్యాసెట్‌కు నకలు తీయాలని ఒక్కనాడూ అనుకోలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

షాహెదాకు అర్థమైపోయింది. "అమ్మీ, అబ్బా మాట పోయింది. నీవే పోగొట్టినవ్," అంది. గట్టిగా అనలేదు, అందుకే మరీ దారుణంగా వినిపించింది.

హాజిరాబీ కూతురు ముఖం చూసింది, టీచర్ ముఖం చూసింది. ఇద్దరూ ఒకటే చెబుతున్నారని తెలిశాక ఆమె నవ్వు మెల్లగా ఆగిపోయింది. టేపు మాత్రం ఆగలేదు. అందులో ఆమె గొంతు ఇంకా చెబుతూనే ఉంది, ఇంటి కప్పు కారడం, చిన్నోడు బడికి పోవడం, అత్తకు కళ్ళు సరిగ్గా కనపడకపోవడం. ఒక్కొక్క మాట పడుతుంటే దాని కింద ఆ మనిషి మాట ఒకటి పోయిందని తెలిసి వినడం రజియా టీచర్ వల్ల కాలేదు. ఆపుదామని చెయ్యి చాచింది.

"ఉండనియ్యి ఆపా," అంది హాజిరాబీ. "నేను ఆఖరు దాక మాట్లాడలే. నడుమల ఏడ్పొచ్చింది, బంద్ జేసిన."

టేపులో గొంతు వణికింది. "నీవు అన్నట్టే..." అని ఆగింది. ముక్కు చీదిన చప్పుడు. టక్కున బటన్ నొక్కిన చప్పుడు. ఆ వెంటనే, మాట మధ్యలో నుంచి, మగ గొంతు.

"...కొత్త క్యాసెట్ కొనకు. దీంట్లనే మాట్లాడి పంపు. నా మాటలు తుడిచిపోతయని సోంచాయించకు. నీవు ఇన్నవు గద, ఇంక వాటితోటి ఏం పని. నాకు నీ మాటలు గావాలె హాజిరా. పోయినసారి లేటు జేసినవ్. ఈసారి జల్ది పంపు. ఉంట మరి. ఖుదా హాఫిజ్."

అంతే. తర్వాత ఉత్త సరసర శబ్దం.

ప్రతి గురువారం సలాం మాట దాకా విని వరండాలోకి పోయిన రజియా టీచర్ ఈ మాటలు వినడం ఇదే మొదలు. ఆయనకు తెలుసు. తుడిచిపోతుందని తెలిసే, తుడిపెయ్యమని చెప్పాడు. హాజిరాబీకి ఆ ఒక్క మాట ఇన్నాళ్ళూ విని కూడా అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది. ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, మిషన్ వంక కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది.

రజియా టీచర్ గబగబా మాట్లాడింది. ఉన్న ఈ చివరి ముక్కనైనా దక్కించుకుందామని, బజారులో రేడియో దుకాణం నుంచి ఇంకో టేపురికార్డరు ఇప్పుడే తెస్తానని, మునీర్ బండెక్కే లోపల నకలు తీసి ఇస్తానని. అప్పటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దని. చెబుతుంటే ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

హాజిరాబీ ఆమెను ఆపింది.

"ఇన్నరా ఆపా," అంది. "యాడాది సంది ప్రతి జుమేరాత్ అడుగుతనే ఉన్నడు. నేనే పంపలే."